నల్లి, మందు, సూక్ష్మజీవి: ఒక విమర్శ

నల్లిని గురించి వ్రాసేవారు సాధారణంగా రెండు సంగతులతో సరిపెడతారు. అది రక్తం పీల్చే పురుగు అన్నది ఒకటి. దానిని చంపడానికి ఫలానా మందు కొట్టాలన్నది రెండవది. ఇటీవల దీనికి మరొక సంగతి చేరింది. నల్లి శరీరంలో కొన్ని సూక్ష్మజీవులు నివసిస్తున్నవనీ, మందు కొట్టినా నల్లి చావకపోవడానికి అవే కారణమనీ, కాబట్టి ముందు వాటిని రూపుమాపితే నల్లి తనంతట తానే నశిస్తుందనీ చెబుతున్నారు. వినడానికి ఈ మాట బాగానే ఉన్నది. అయితే వినసొంపుగా ఉండడం వేరు, రుజువు కావడం వేరు. పై వాక్యంలో నిజానికి మూడు మాటలు కలిసి ఉన్నవి. మొదటిది రుజువైనది. రెండవది కొంతవరకు మాత్రమే రుజువైనది. మూడవది ఇంటిలో ఆచరించదగినది కాదు. ఈ మూడింటిని విడదీసి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నల్లి ఆహారం, దానిలోని లోపం

కోట, వాకాడు, గూడూరు ప్రాంతాలలో నల్లి ఎవరికీ కొత్త కాదు. నులక మంచం అల్లికలోను, కోళ్ళూ పట్టెలూ కలిసే సందులలోను, పేము కుర్చీలలోను పగలంతా దాగి ఉండి రాత్రి బయలుదేరుతుంది. మనుషులను పట్టి బ్రతికే నల్లులలో ముఖ్యమైన జాతులు రెండు. చలిదేశాలలో ఎక్కువగా కనిపించేది సైమెక్స్ లెక్టులేరియస్. మనవంటి వేడిదేశాలలో ఎక్కువగా ఉండేది సైమెక్స్ హెమిప్టెరస్. చూపుకు రెండూ ఒకటిగానే ఉంటవి. తల వెనుక ఉండే పలక మొదటిదానిలో వెడల్పుగా, అంచులు పరచుకొని ఉంటుంది. మన నల్లిలో ఆ పలక కొంచెం ఇరుకు. ఈ భేదాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. ముందుముందు దీనితో పని ఉన్నది.

గుడ్డు నుంచి వెలువడిన పిల్ల నల్లి ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. ప్రతి కుబుసానికి ముందు అది రక్తం త్రాగాలి. ఆడ నల్లి గుడ్లు పెట్టడానికి రక్తం కావాలి. పుట్టుక మొదలు చావు వరకు దానికి మరొక ఆహారం లేదు. రక్తంలో మాంసకృత్తులు సమృద్ధిగా ఉన్నవి గాని, బి వర్గానికి చెందిన కొన్ని విటమినులు చాలినంతగా లేవు. ఈ లోటును నల్లి ఎలా పూడ్చుకుంటున్నది? సమాధానం దాని శరీరంలోనే ఉన్నది. జననాంగాలకు ప్రక్కన ఒక జత చిన్న అవయవాలు ఉన్నవి. వాటి కణాలనిండా బాక్టీరియా ఉంటవి. తల్లి నుంచి గుడ్డు ద్వారా అవి తరతరానికీ సంక్రమిస్తూ ఉంటవి.

ఈ బాక్టీరియా నల్లికి మేలు చేస్తున్నవని నేడు తేలికగా చెప్పగలుగుతున్నాము. కాని ఈ నిర్ణయానికి రావడానికి సుమారు తొంభై ఏళ్ళు పట్టింది. ఆ చరిత్ర తెలియకపోతే నేటి వాదాలలోని బలహీనత కూడ తెలియదు.

మద్రాసు పాఠం

2022లో తిరుపతి జిల్లాలో చేరిన కోట అంతకుముందు నెల్లూరు జిల్లాలోనిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు మద్రాసు పరిపాలనలోనిది. నల్లి కడుపులో కనిపించిన ఒక సూక్ష్మజీవిని గురించి పెద్ద వివాదం చెలరేగినది ఆ మద్రాసు పట్టణంలోనే.

1903లో ఛార్లెస్ డొనోవాన్ మద్రాసు జనరల్ ఆసుపత్రిలోని రోగులలో కాలా అజార్ వ్యాధిని కలిగించే పరాన్నజీవిని గుర్తించాడు. ఇంగ్లండులో లీష్‌మన్ కూడ దానిని గుర్తించినందువల్ల ఇద్దరి పేర్లూ దానికి చేరినవి. ఆ జీవి ఒక రోగి నుంచి మరొక మనిషికి ఎలా చేరుతున్నదన్నది ఆనాటి ప్రశ్న. డబ్ల్యు. ఎస్. ప్యాటన్ అనే సైనిక వైద్యాధికారి మద్రాసులో ఈ ప్రశ్నను చేపట్టాడు. వ్యాధిగ్రస్తుల రక్తం త్రాగిన నల్లులను కోసి, సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించాడు. నల్లి జీర్ణనాళంలో ఆ జీవి రూపం మార్చుకొని, తోక మొలిచి, వృద్ధి పొందడం అతనికి కనిపించింది. 1907 మొదలు ఈ సంగతులను నివేదికలుగా ప్రకటించాడు. నల్లియే కాలా అజార్‌ను వ్యాపింపజేస్తున్నదని అతని అభిప్రాయం. అతడు పరీక్షించిన నల్లిని ఆనాడు సైమెక్స్ రొటుండేటస్ అనేవారు. అది మన సైమెక్స్ హెమిప్టెరస్సే.

ప్యాటన్ సామాన్యుడు కాడు. క్రాగ్‌తో కలిసి 1913లో అతడు ప్రచురించిన వైద్య కీటకశాస్త్ర గ్రంథం ఆ విషయంలో తొలి పెద్ద పాఠ్యగ్రంథాలలో ఒకటి. అతడు చూసినది అబద్ధం కాదు. పొరపాటు చూపులో లేదు. చూసినదాని నుంచి తీసిన నిర్ణయంలో ఉన్నది. ఒక జీవి నల్లి కడుపులో బ్రతకగలదన్నది ఒక సంగతి. నల్లి కుట్టినప్పుడు ఆ జీవి మనిషిలో ప్రవేశిస్తుందన్నది వేరొక సంగతి. మొదటిదానిని చూపినంత మాత్రాన రెండవది రుజువు కాదు. 1924లో కలకత్తాలో నోల్స్, నేపియర్, స్మిత్ అనే పరిశోధకులు అదే పరాన్నజీవి ఒక జాతి ఇసుక ఈగలో వృద్ధి పొందడం గమనించారు. వ్యాధి ఉన్న ప్రాంతాలూ ఆ ఈగ ఉన్న ప్రాంతాలూ ఒకటేనని సింటన్ చూపాడు. అయినా తుది నిర్ణయం అప్పుడు జరగలేదు. 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అస్సాంలో స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన మనుషులను వ్యాధిగ్రస్త ఈగలచేత కుట్టించి, వారికి వ్యాధి సోకడం చూపిన తరువాతనే ప్రశ్న తీరింది. నల్లి నిర్దోషిగా బయటపడింది. నల్లి కాటు వల్ల మనుషులకు ఏ వ్యాధీ సహజంగా వ్యాపిస్తున్నట్లు నేటికీ రుజువు లేదు.

పరాన్నజీవి అన్నారు, తరువాత పోషకుడన్నారు

నల్లిలో నిత్యం నివసించే బాక్టీరియా చరిత్ర కూడ ఇటువంటిదే. 1921లో ఆర్క్‌రైట్, ఆట్కిన్, బేకట్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు వాటిని వర్ణించి, అవి వంశపారంపర్యంగా వచ్చే పరాన్నజీవులన్నారు. ఆ కాలంలోనే జర్మనీలో పాల్ బుక్నర్ అవి నివసించే ప్రత్యేక అవయవాన్ని పరిశీలించి, అది సహజీవనానికి గుర్తు అన్నాడు. ఒకే వస్తువును చూసి ఒకరు శత్రువన్నారు, మరొకరు మిత్రుడన్నారు. ఇద్దరిలో ఎవరిది సరియైనదో సూక్ష్మదర్శిని ఒక్కటే చెప్పలేదు.

దీనిని ప్రయోగం చెప్పింది. 2010లో జపానులో హొసొకావా, ఫుకత్సు మొదలైనవారు చలిదేశపు నల్లులకు రిఫాంపిసిన్ అనే మందు కలిపిన రక్తం పట్టారు. వాటిలోని వోల్బాకియా అనే బాక్టీరియా నశించింది. పిల్ల నల్లుల ఎదుగుదల మందగించింది. పెద్దవైన వాటికి సంతానోత్పత్తి దెబ్బతిన్నది. ఇంతటితో ఆగి ఉంటే, నష్టం బాక్టీరియా పోయినందువల్ల కలిగినదా, మందు విషం వల్ల కలిగినదా అన్న సందేహం మిగిలేది. వారు ఆగలేదు. బాక్టీరియా లేని నల్లులకు బి వర్గపు విటమినులు కలిపిన రక్తం ఇచ్చారు. ఎదుగుదలా, సంతానోత్పత్తీ తిరిగి వచ్చినవి. అంటే బాక్టీరియా చేసే పనిని విటమినులు చేయగలిగినవి; కాబట్టి బాక్టీరియా పని విటమినులు సమకూర్చడమే. 2014లో అదే దేశపు పరిశోధకులు ఈ వోల్బాకియా జన్యువులను చదివి, బయోటిన్ తయారుచేసే జన్యువులు దానికి వేరొక బాక్టీరియా నుంచి సంక్రమించినవని తెలిపారు.

తీసివేయడం, తిరిగి పూరించడం: ఈ రెండు మెట్లు ఉన్నందువల్లనే ఆ నిర్ణయం నిలబడింది. మనం పైన చెప్పుకొన్న మొదటి మాట ఈ విధంగా రుజువైనది. ఇక రెండవ మాటకు వద్దాం.

మందు ఎందుకు పనిచేయడం లేదు?

డి.డి.టి.కి కీటకాలను చంపే శక్తి ఉన్నదని 1939లో పాల్ ముల్లర్ కనుగొన్నాడు. 1948లో అతనికి నోబెల్ బహుమానం లభించింది. నల్లులపై అది మొదట అద్భుతంగా పనిచేసింది. కాని 1947 నాటికే హవాయి దీవులలోని పెర్ల్ హార్బర్‌లో డి.డి.టి.కి లొంగని నల్లులు కనిపించినవి. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ప్రారంభమై ఇండ్ల గోడలకు డి.డి.టి. చల్లసాగారు. దోమలు తగ్గినవి, కాని నల్లులు చావడం లేదని, పైగా ఎక్కువయినవని పల్లెల ప్రజలు ఫిర్యాదు చేశారు. కొన్నిచోట్ల మందు చల్లనివ్వడానికే నిరాకరించారు. ఇది వట్టి మూఢనమ్మకం అని కొట్టివేయడం సులభం. కాని డి.డి.టి. నల్లిని చంపకపోయినా చిరాకుపరచి దాగిన చోటు నుంచి బయటికి తరుముతుంది. కనుక వారు చూసినది నిజమే.

నల్లి మందుకు ఎలా తట్టుకుంటున్నది? నాడీకణం పొరలో సోడియం కణికలు రాకపోకలు సాగించే ద్వారాలు ఉన్నవి. డి.డి.టి.గాని, నేడు ఇళ్ళలో వాడే పైరెత్రాయిడు మందులుగాని ఆ ద్వారానికి అడ్డుపడి మూతపడనివ్వవు. నాడి అదుపు తప్పి పురుగు చస్తుంది. ఆ ద్వారాన్ని నిర్మించే మాంసకృత్తులో ఒకటి రెండు అంశాలు మారితే మందు దానికి పట్టదు. రెండు మందులకూ గురి ఒకటే కాబట్టి ఒకదానికి అలవడిన నల్లి రెండవదానికి కూడ కొంతవరకు తట్టుకుంటుంది. ఇటువంటి మార్పులు రెండు జాతుల నల్లులలోను కనుగొనబడినవి. ఇవి గాక, విషాన్ని విరిచివేసే ఎంజైములు కొన్నిటిలో హెచ్చుగా తయారవుతవి. కొన్నిటి పైతోలు దళసరియై మందును లోనికి రానివ్వదు.

ఇవన్నీ నల్లి సొంత జన్యువులలో ఉన్న సాధనాలు. వీటికి సాక్ష్యం బలంగా ఉన్నది. కాబట్టి నల్లి చావకపోవడానికి సూక్ష్మజీవులే కారణమని చెప్పే వ్యాసకర్త మొదటి అడుగులోనే తప్పుతున్నాడు. ‘సూక్ష్మజీవులు కూడ కారణమా?’ అన్నదే సరియైన ప్రశ్న.

చిక్కుడు పురుగు సాక్ష్యం

అసలు బాక్టీరియా ఒక పురుగును మందు నుంచి కాపాడగలదా? కాపాడగలదు. 2012లో జపానులో కికుచి మొదలైనవారు చిక్కుడు జాతి పైర్లను పట్టే ఒక నల్లి వర్గపు పురుగులో దీనిని చూపారు. ఆ పురుగు ప్రతి తరంలోను బర్క్‌హోల్డేరియా అనే బాక్టీరియాను నేల నుంచి సంపాదించుకుంటుంది. ఫెనిట్రోథియాన్ అనే మందును మాటిమాటికీ చల్లిన నేలలో, ఆ మందును విరిచి ఆహారంగా వాడుకొనే బాక్టీరియా వృద్ధి పొందుతుంది. అటువంటి బాక్టీరియాను పొందిన పురుగు మందుకు తట్టుకున్నది. పొందని పురుగు చచ్చిపోయింది. ఇక్కడ కార్యకారణాల గొలుసు అంతా కనిపిస్తున్నది.

ఈ ఫలితాన్ని తీసుకొనివచ్చి మంచం నల్లికి అంటగట్టడం సరికాదు. చిక్కుడు పురుగు తన బాక్టీరియాను నేల నుంచి తెచ్చుకుంటుంది. మంచం నల్లి తల్లి నుంచి తెచ్చుకుంటుంది. మొదటిది మందు తినే బాక్టీరియా. రెండవది విటమినులు చేసే బాక్టీరియా. రెండు పురుగులూ ఒక వర్గానికి చెందినంత మాత్రాన రెండు బాక్టీరియాలూ ఒకే పని చేయవు.

మన జాతి నల్లిపై నేరుగా జరిగిన ప్రయోగం లేకపోలేదు. 2022లో మలేషియాలో సైమెక్స్ హెమిప్టెరస్‌పై జరిగిన పరిశోధన, సహజీవన బాక్టీరియా నల్లికి ఫెనిట్రోథియాన్, ఇమిడాక్లోప్రిడ్ అనే రెండు మందుల విషయంలో ఉండే తట్టుకొనే శక్తిపై ప్రభావం చూపుతున్నవని తెలిపింది. ఇది విలువైన సమాచారం. కాని ‘ప్రభావం చూపుతున్నవి’ అన్న మాటను ‘కారణం’ అని అనువదించేవారు పరిశోధకుల మాటను మించిపోతున్నారు. విటమినులు లేక నీరసించిన నల్లి ఏ మందుకైనా త్వరగా చస్తుంది. పస్తున్న మనిషికి చిన్న జ్వరమైనా బరువైనట్లే. అప్పుడు బాక్టీరియా విషాన్ని విరిచినదా, లేక నల్లిని పోషించి బలంగా నిలిపినదా?

ఈ రెండింటికి మధ్య మరొక దారి కూడ ఊహించవచ్చు. వోల్బాకియా అందించే విటమినులలో రైబోఫ్లేవిన్ ఒకటి. విషాన్ని విరిచే ముఖ్యమైన ఎంజైముల వర్గానికి ఎలక్ట్రానులను అందించే మాంసకృత్తు రైబోఫ్లేవిన్ నుంచి తయారైన భాగాలతోనే పనిచేస్తుంది. అంటే బాక్టీరియా విషాన్ని తాకకపోయినా, విషాన్ని విరిచే నల్లి సొంత పనిముట్టుకు కావలసిన సరుకును సరఫరా చేస్తూ ఉండవచ్చు. ఇది ఊహ. కాని పరీక్షకు నిలవగల ఊహ. నల్లులను నాలుగు గుంపులు చేయాలి: మామూలు నల్లులు, బాక్టీరియా తీసివేసినవి, బాక్టీరియా తీసివేసి విటమినులు ఇచ్చినవి, బాక్టీరియా ఉండగానే విటమినులు ఇచ్చినవి. నాలుగింటికీ ఒకే మోతాదు మందు పెట్టాలి. మూడవ గుంపు మొదటి గుంపువలె బ్రతికితే రహస్యం విటమినులలో ఉన్నది. మూడవది రెండవదానివలెనే చస్తే బాక్టీరియాలో ఇంకేదో ఉన్నది. విద్యార్థులు నల్లులను పెంచనక్కరలేదు. ఈ నాలుగు గుంపులలో ఏ ఒక్కదానిని విడిచినా ఏ సందేహం మిగిలిపోతుందో కాగితం మీద వ్రాసి చూస్తే చాలు.

వాటాల లెక్కలో మోసం

మందు సూక్ష్మజీవులను మార్చివేస్తున్నదన్న మాట కూడ వినిపిస్తున్నది. ఈ క్రిమిసంహారకాలు ముఖ్యంగా నాడీమండలంపై పనిచేస్తవి. బాక్టీరియాకు నాడులు లేవు. అంతమాత్రాన రసాయనం వాటిని తాకనే తాకదని ముందే తీర్మానించరాదు. అయితే సాక్ష్యాన్ని జాగ్రత్తగా చదవాలి.

నేడు నల్లిలోని బాక్టీరియా జాతులను డి.ఎన్.ఎ. ద్వారా లెక్కించి, ఏ జాతి నూటికి ఎంత ఉన్నదో చెబుతున్నారు. ఇది వాటాయే గాని సంఖ్య కాదు. ఒక తరగతిలో 30 మంది బాలురు, 10 మంది బాలికలు ఉన్నారనుకుందాం. బాలికలు నూటికి 25 మంది. ఒకనాడు 20 మంది బాలురు రాలేదు. బాలికలు ఆనాడు నూటికి 50 మంది అయినారు. కొత్తగా ఒక్క బాలిక కూడ చేరలేదు. మందు కొట్టిన తరువాత ఫలానా బాక్టీరియా రెట్టింపైనదని చదివినప్పుడు, పెరిగినది వాటాయా, సంఖ్యయా అని మొదట అడగాలి.

రెండవ ప్రశ్న: మందు కొట్టిన పిమ్మట పరీక్షించినది బ్రతికిన నల్లులనే కదా? అవి మందుకు ముందు నుంచే వేరు రకం కావచ్చు. అప్పుడు మందు మార్చినది నల్లిలోని బాక్టీరియాను కాదు, నల్లుల గుంపును. మూడవ ప్రశ్న: పోల్చిన నల్లుల వయస్సు, ఆడా మగా, చివరిసారి రక్తం త్రాగిన రోజు సమానమా? ఆకలిగొన్న నల్లిని కడుపు నిండిన నల్లితో పోలిస్తే తేడా మందుది కానక్కరలేదు. నాల్గవ ప్రశ్న: ప్రయోగం ఏ జాతి మీద? చలిదేశపు నల్లి ఫలితాన్ని మన మంచంలోని నల్లికి యథాతథంగా వర్తింపజేయరాదు.

ఇంటిలో ఆచరించరానిది

మూడవ మాట మిగిలి ఉన్నది: సూక్ష్మజీవులను చంపి నల్లిని వదిలించుకోవడం. నల్లి త్రాగేది మన రక్తాన్నే కాబట్టి మనమే మందు మింగితే సరిపోతుందని ఎవరికైనా తోచవచ్చు. ఇది ప్రమాదకరం. రిఫాంపిసిన్ క్షయవ్యాధి చికిత్సలో ముఖ్యమైన మందు. దానిని అనవసరంగా వాడితే, దానికి లొంగని క్షయక్రిములు తయారవుతవి. నల్లి కోసం ఆ మందును పాడుచేసుకోవడం కొంప తగలబెట్టి చలి కాచుకోవడం వంటిది. పైగా బాక్టీరియా పోయిన నల్లి వెంటనే చావదు; గుడ్లు సరిగా పెట్టలేకపోయినా కుడుతూనే ఉంటుంది.

పొలానికి తెచ్చిన పురుగుమందును మంచానికి కొట్టడం ఇంకా పెద్ద తప్పు. ఫెనిట్రోథియాన్ వర్గానికి చెందిన సేంద్రియ భాస్వర మందులు పురుగు నాడులలో ఏ ఎంజైమును అడ్డగిస్తవో, అదే ఎంజైము మన నాడులలోను ఉన్నది. అటువంటి మంచం మీద పసిపిల్లను పడుకోబెట్టడమంటే నల్లికి పెట్టిన విషాన్ని బిడ్డకు కూడ పంచడమే. నల్లికి తట్టుకొనే జన్యువులు ఉండవచ్చు, బిడ్డకు లేవు.

మన పెద్దలు మంచాన్ని ఎండలో వేసి, సందులలో సలసల కాగే నీరు పోసేవారు. ఈ పద్ధతికి శాస్త్ర బలం ఉన్నది. సుమారు 50 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కొంతసేపు నిలిస్తే నల్లులూ వాటి గుడ్లూ చస్తవి. ఏ జన్యు మార్పూ వాటిని ఆ వేడి నుంచి కాపాడినట్లు కనిపించలేదు. కాని ఉత్త ఎండను నమ్ముకొంటే చాలదు. బయట 42 డిగ్రీలు ఉన్నా కర్ర సందు లోపల అంత వేడి చేరదు. నల్లి నీడవైపుకు జరుగుతుంది. కాగిన నీరు సందులోనికి దిగాలి. దుప్పట్లు, దిండు గలేబులు మరిగే నీటిలో ఉడకబెట్టాలి. పగుళ్ళను పూడ్చాలి. గుడ్లు మిగిలి ఉండవచ్చు కాబట్టి పది రోజుల తరువాత మళ్ళీ చేయాలి.

ఉపాధ్యాయులకు

ఈ విషయం తరగతి గదికి తగినది. విద్యార్థికి నల్లి తెలుసు, మందు తెలుసు, బాక్టీరియా పేరు తెలుసు. ఈ మూడింటిని కలిపే వాక్యాన్ని బల్లమీద వ్రాసి, దానిలో ఎన్ని వేరు వేరు మాటలు ఉన్నవో విడదీయమనవచ్చు. ప్రతి మాటకు ఎదురుగా మూడు గళ్ళు గీయాలి: చూసినది ఏమిటి, తీసివేసి చూశారా, తిరిగి పూరించి చూశారా. 1907 నాటి మద్రాసు నివేదికలకు మొదటి గడి నిండుతుంది, తక్కినవి ఖాళీ. 2010 నాటి జపాను ప్రయోగానికి మూడు గళ్ళూ నిండుతవి. నేడు సూక్ష్మజీవులను, మందులను గురించి చదివే ప్రతి వార్తను ఈ గళ్ళలో పెట్టి చూడమని విద్యార్థులకు చెప్పాలి. చాలా వార్తలకు రెండవ గడిలోనే కలం ఆగిపోతుంది.